రెండు పంచనామాలు

రాజోలు స్టేషన్లో రైటర్ని.
ఒకే వారంలో రెండిళ్ళకి వెళ్ళాను.
పేపరోళ్ళు రెండింటికీ ఒకటే రాశారు: అప్పులు.

ధర్మారావు చెరువు తెల్లమచ్చకి పోయింది, వరసగా రెండు పంటలు.
ఆ సాయంత్రం
అరువు తెచ్చిన ఏరేటరు శుభ్రంగా కడిగి
పక్క చెరువాయన గట్టు మీద పెట్టి వచ్చాడట.
నెల్లాళ్ళుగా అన్నం సగంలో లేచిపోతున్నాడని
వాళ్ళావిడ చెబుతుంటే రాసుకున్నాను.
ఏమైందయ్యా అని ఎవరూ అడగలేదు.

రెండో ఇంట్లో చాపలు రెండు.

బుల్లబ్బాయికి అసలు అప్పే లేదు.
వీరవేణి కుట్టుమిషను ముందే పంపేసింది,
మలికిపురంలో గది చూసుకుంది,
ఒకటో తారీకున వెళ్ళిపోతానంది.
గోడకి ఫోను విసిరిన గుంట, పాతది.
తలుపుకి గడియ కొత్తది,
బయటివైపు.
"నాది ఇంకోడికి పోనివ్వను" అన్నాడట తగువులో.
కొబ్బరితోట సంగతనుకున్నారు పెద్దలు.

కారణం దగ్గర గడి చిన్నది.
రెండింట్లోనూ మనస్తాపం అని వెయ్యమన్నారు ఎస్సైగారు.
మొదటిదాంట్లో వేశాను.

రెండోదానికి పాత ఫైలు తీశాను.
మార్చిలో ఆమె ఇచ్చిన కాగితం:
చంపేస్తానంటున్నాడు, రాత్రిళ్ళు నిద్రపోవడంలేదు, నేనూ పోవడంలేదు.

కింద నా దస్తూరి,
గుండ్రంగా, ముచ్చటగా:
రాజీ కుదిరినది.