సగం గూడు

రాత్రి మూడింటికి పొయ్యి వెలిగిస్తాను.
పిండి బస్తాకి ఆనించిన ఫోనులో
అర్దా నది మీది కొండచరియ తేలుతుంది
రంగుల్లేకుండా, బూడిదలో ముంచి తీసినట్టు.
క్రుమోవ్‌గ్రాద్‌లో ఆ వేళకి మెలకువగా ఉండేది
నేనూ, ఆ తల్లిరాబందూ.
తల్లో తండ్రో నాకేం తెలుసు,
ఇద్దరిదీ ఒకటే రూపు, ఇద్దరూ పొదుగుతారు.
ఫిబ్రవరి మంచు వీపున పేరుకుంటున్నా
లేవకుండా కూర్చున్నది ఎవరైతేనేం.

ఒక్కటే గుడ్డు.
నా పిండికి గంటన్నర చాలు పొంగడానికి.
దానికి యాభై ఆరు రోజులు పట్టింది.
గోడమీద సుద్దగీతలు పెట్టాను,
అరువు ఖాతాల పక్కనే.

పిల్లని మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది.
మెడ నిలవదు, తల తనకే బరువు,
ముసలి పూజారి కునికిపాటు పడుతున్నట్టుంది.
కాకిపిల్ల కాకికి ముద్దు, సరే.
మరి దీన్ని చూస్తూ నేనెందుకు
ఉప్పు రెండుసార్లు వేశాను?

తెర మూలన చిన్న అంకె ఉంటుంది,
ఎంతమంది చూస్తున్నారో చెప్పేది.
పగలు వందలు.
నా వేళకి ఒకటి.
ఆ ఒకటి నేనే.

ఏప్రిల్ పన్నెండున పెద్దది వెనక్కి తిరిగి
తోక ఎత్తింది.
అంతే, కెమెరాకి ఒక కన్ను పోయింది.
కుడి సగమంతా సున్నం కొట్టిన గోడ.
తుడిచే దారి లేదు.
పిల్ల ఎగిరేదాకా ఆ చరియకి తాడు వెయ్యకూడదు.
అప్పట్నించీ మాకు సగం గూడే.
పిల్ల తెలుపులోకి నడిచిపోతుంది,
ఏం తింటుందో, ఎవరితో పోట్లాడుతుందో,
కాసేపటికి కడుపు ఉబ్బించుకుని
ఇవతలికొస్తుంది.

తెల్లారుతుండగా యుమేర్ వస్తాడు రెండు రొట్టెలకి.
నెలాఖర్లో అతని గొర్రె పోయింది, కరాకిజ్.
పొదుగు ఎండి, పళ్ళూడి, పదమూడో ఏట.
గొయ్యి తవ్వలేదు.
మందేదీ వెయ్యలేదని సంతకం పెట్టి
రాబందులకి మేతవేసేవాళ్ళ బండెక్కించాడు.
పేరుపెట్టి పిలిచినదాన్ని పక్షులకి వేస్తావా, అని
ఫాత్మె అతనితో మాట మానేసింది.

రెండ్రోజులకి, అతను చిల్లర లెక్కపెడుతుండగా,
తెరలో పెద్దది వాలింది. మెడ సాచి కక్కింది.
అప్పటికి వెలుగొచ్చింది, రంగులొచ్చాయి.
గులాబీరంగు ముద్ద,
దానికి అంటుకుని నల్లటి ఉన్నిపోగు.
పిల్ల పీకింది. పోగు ముక్కుకి చుట్టుకుంది.
విదిలించింది, మళ్ళీ పీకింది.

నల్లగొర్రెలు ఈ కొండల్లో ఎన్ని లేవు, అన్నాను.
చాలా ఉన్నాయి, అన్నాడు.
కళ్ళు తియ్యలేదు.
అది పాలు బాగా ఇచ్చేది, అన్నాడు.
రొట్టెలు బల్లమీదే మర్చిపోయాడు.
నేనూ వెనక్కి పిలవలేదు.

జూన్‌లో వడగళ్ళు పడ్డ రాత్రి
పెద్దది రెక్క గొడుగులా పట్టింది.
జులైలో పిల్ల గాలికి ఎదురునిలబడి
గెంతేది, ఒక జానెడు లేచి,
తనకే భయమేసి కూలబడేది.
మే నెల చివరినుంచీ ఆ అంకె
నా వేళకి రెండు చూపించేది.
ఎవరో నిద్రపట్టని మనిషి అనుకున్నాను.

ఆగస్టులో ఒక తెల్లవారుజామున
పిల్ల తెలుపులోకి నడిచింది.
రెక్క ఒకటి ఇవతలికొచ్చింది, వెళ్ళిపోయింది.
తర్వాత ఎదుటి బండమీద ఒక నీడ,
కిందికి జారింది, ఆగింది,
తెర అంచు దాటింది.
పైకో, కిందికో.

మాడు వాసనకి గానీ నాకు తెలివి రాలేదు.

ఆ పొద్దున యుమేర్ ఎరుపెక్కిన కళ్ళతో వచ్చాడు.
ఫాత్మె అడిగి రమ్మంది, అన్నాడు.
ఎగిరిందా, పడిందా?
ఆమె అతనికి చెప్పిన మాట అది,
ఎన్నాళ్ళకో.
నీడ చూశాను, అన్నాను.
నీడ మేమూ చూశాం, అన్నాడు.

ఇద్దరం కాసేపు ఆ ఖాళీ సగాన్నీ
తెల్లటి సగాన్నీ చూశాం.
తర్వాత మాడిన రొట్టెలు నాలుగు కట్టమన్నాడు.
గొర్రెలు తింటాయట.
వద్దన్నా డబ్బులు పెట్టి వెళ్ళాడు.