చెవి ఆనించి

కాలవలు కట్టేసిన ఏప్రిల్లో తిరిగొచ్చాను.
రాజోలు బస్టాండులో దిగితే
కొబ్బరిబొండాల బండాయన అడిగాడు:
"ఏ దేశమండీ? జీతం ఎంతిస్తారండీ?"
మలావీ అన్నాను. జీతం లేదన్నాను.
బొండాం చెక్కే కత్తి ఒక్క క్షణం ఆగింది.
మరెందుకెళ్ళారని అడగలేదు గానీ
పది రూపాయలు తక్కువ తీసుకున్నాడు,
జాలిపడి.

ఎందుకెళ్ళానో నాకే సరిగ్గా తెలీదు.
పాలిటెక్నిక్ చదివి, మూడేళ్ళు
రొయ్యల చెరువుల మీద ఏరేటర్లు బాగుచేసి
గోళ్ళ సందుల్లో గ్రీజు కాపురం పెట్టాక
నేను పనికొచ్చే చోటు
ఎక్కడో దూరాన ఉంటుందనిపించింది.
దూరమైతేనే సేవ అనుకునే వయసు.
బోరింగులు బాగుచెయ్యడం నేర్పాలి, ఎనిమిది నెలలు.
సంచి నిండా పానాలు,
తల నిండా నేను.

అక్కడ ఎనెలేసి అని ఒకావిడ.
అరవై దాటుంటాయి. చెప్పుల్లేని కాళ్ళు.
ఊరి బోరింగుకి ఆవిడే పెద్ద.
నేను బల్ల మీద పటం పరిచి
వాల్వు బొమ్మ చూపిస్తుంటే
లేచి వెళ్ళి
గొట్టానికి చెవి ఆనించి
కడుపులో బిడ్డను వింటున్నట్టు కళ్ళు మూసుకుంది.
తర్వాత రెండు వేళ్ళు చూపింది:
రెండో గొట్టం, కీలు దగ్గర.
విప్పాం.
అక్కడే.
ఈలోగా నా పటం గాలికి లేచి
మేక నోట్లో పడింది.
అందరూ నవ్వారు. కాసేపాగి నేనూ.

ఆ ఎనిమిది నెలల్లో నేను నేర్పిందల్లా,
నిజం చెప్పాలంటే, ఒక్క మాట: "ఆయ్."
ఆవిడ నోట్లో ఎంత బాగా కుదిరిందో!
ఏ నట్టు బిగిసినా
"ఆయ్" అనేది, మా మావయ్యలాగా.

వచ్చేసే రోజు దుబాసీ కుర్రాడి చేత అడిగించింది:
"మీ ఊళ్ళో బోరింగుని ఎవరు చూసుకుంటారు?"
మాది డెల్టా అన్నాను.
ఎటు చూసినా నీళ్ళే,
నది ఏడు పాయలై సముద్రంలో కలిసే చోటు అన్నాను.
గొప్పగానే అన్నాను.
ఆవిడ అడిగినదానికి అది జవాబు కాదని
విమానం ఎక్కాక తట్టింది.

మురుగుకోడు మీద వంతెన దాటితే పేట.
మా గేటు నుంచి నాలుగొందల అడుగులు, ఇవాళే లెక్కపెట్టాను.
ఇరవయ్యారేళ్ళలో ఇటు వచ్చింది ఒక్కసారి,
అదీ ఓటరు స్లిప్పులు పంచడానికి.
చర్చి గోడ పక్కన బోరింగు.
పిడికి గుడ్డ చుట్టి కట్టేశారు,
విరిగిన చేతికి కట్టినట్టు.
రెండేళ్ళయిందట.
చెరువులొచ్చాక నీళ్ళు ఉప్పెక్కాయి,
ఉప్పుకి ఇనుము చివికింది.
ఆ చెరువుల్లో ఏరేటర్లు ఆగకుండా తిప్పింది
ఈ చేతులే.

ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టి
ఒకామె నన్నే చూస్తోంది.
పేరు అడిగాను. పరంజ్యోతి.
బళ్ళో నాకన్నా ఒక తరగతి ముందట.
"నువ్వు నాకు తెలుసు," అంది.
"నీకే నేను తెలీదు."

తర్వాత మామూలుగానే అడిగింది:
"దేశాలు తిరిగొచ్చావంట గదా, ఏం చూశావేంటి?"

చెప్పడానికి ఏదో ఉంది. నోటికి రాలేదు.
వాషరైతే రాజోల్లో దొరుకుతుంది, మార్చొచ్చు.
ఉప్పుని ఏ పానాతో విప్పాలో
ఎనెలేసి చెప్పలేదు.
నేనూ అడగలేదు.

గుడ్డ విప్పి, వంగి
గొట్టానికి చెవి ఆనించాను.
ఎండకి ఇనుము చురుక్కుమంది.

"ఏం వినపడతందే?" అంది పరంజ్యోతి
బిందె కింద పెట్టి.

పక్కకి జరిగాను.
"ఏమో. నువ్వు విను."