బుట్ట కాదు

ట్రామ్ దిగాక మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై ఆరుగురు.
గోథెన్‌బర్గ్ వాన
ఇరవై ఆరు జతల మేజోళ్ళలోకీ దిగింది.
పెన్నులు సంచుల్లోనే ఉంచమన్నాడు
మ్యూజియం కావలి బెంగ్ట్.
పెన్సిలైతే పరవాలేదట.
తప్పు చెరుపుకోవచ్చు కదా అని నేను నవ్వాను,
అతను నవ్వలేదు.

ఒక్కొక్కరూ ఒక్కో దేశం ముందు చతికిలబడి
కనిపించింది గీయాలి. అంతే పాఠం.
మెల్కర్ పెరూ దుప్పటి ముందు కునికాడు.
ఎబ్బా జపాన్ పళ్ళెంలో పగులొక్కటీ గీసి
పళ్ళెం మరిచిపోయింది.
హోదన్ కాగితం మాత్రం
గంట గడిచేసరికి
మూల నుంచి మూలకు నల్లగా అలుక్కుపోయింది.

"బుట్ట ఏదమ్మా?"
అద్దం వెనక చీటీ చెప్పేది అదే మరి:
బుట్ట. సోమాలియా. వేరు నారతో అల్లినది.

"బుట్ట కాదు టీచర్. పాలది."

బుట్టలో పాలా!
ఇంక నీళ్ళు జల్లెడతో తెచ్చుకుందామని
వెనక ఎవడో కిసుక్కుమన్నాడు.

మాటకంటే ముందు చేతులు లేచాయి ఆ పిల్లకి.
నార నమిలి, మెత్తబరిచి,
వాళ్ళ అమ్మమ్మ అల్లితే చుక్క కారదట.
కడగడం నీళ్ళతో కాదట,
నిప్పంటుకున్న పుల్ల లోపల తిప్పి
మూత బిగించి
పొగ పట్టించాలట.
ఒంటె పాలకు ఆ వాసనే రుచట.
"నాకు అసహ్యంగా ఉండేది," అంది.
కాసేపాగి,
"ఎలా ఉండేదో ఇప్పుడు గుర్తు రావట్లేదు."

ఆ నలుపంతా పొగ.

వంగి చూశాను. ముక్కు అద్దానికి తగిలింది.
అద్దాలు తుడిచే మందు వాసన తప్ప ఏమీ లేదు.
పదహారేళ్ళుగా ఇక్కడే నిలబడి
పిల్లలకు నేను
బుట్టల గురించి చెబుతున్నాను.
బెంగ్ట్ గుడ్డతో వచ్చి
నా ముక్కు మరకను తుడిచి,
వెళ్ళకుండా
అక్కడే తుడుస్తూ ఉండిపోయాడు.

మ్యూజియంకి ఉత్తరం రాశాను.
అందిందని జవాబొచ్చింది.

ఈ ఏడు వేరే పిల్లలు, ఇరవై నలుగురు.
హోదన్ పై బడికి వెళ్ళిపోయింది.
చీటీ అదే.
నేను నోరు తెరిచేలోగా
కుర్చీలోంచి లేచి వచ్చాడు బెంగ్ట్.
"అది బుట్ట కాదర్రా," అన్నాడు.
నార సంగతి చెప్పాడు, పుల్ల తిప్పి చూపించాడు,
ఒంటె పాలను ఆవు పాలు చేశాడు.
నేను దిద్దలేదు.

పిల్లలు ఎగబడి
ముక్కులు అద్దానికి ఆనించి గట్టిగా పీల్చారు.
గాజంతా ఊపిరి మసక.
గుడ్డ అతని జేబులోనే ఉంది.