టోకెన్

బంగారుపాళ్యం దాటినాక, గుజ్జు ఫ్యాక్టరీ గేటు దాకా
రెండు కిలోమీటర్ల ట్రాక్టర్లు.
మాది మూడు వందల పదిహేడు.
అట్టముక్క మీద నీలం స్కెచ్చుతో గీకిన అంకె,
కింద సంతకమో, ఈగ కాళ్ళో.

రెండో రాత్రి.
ట్రాలీలో తోతాపురి కాయలు
ఒకదాన్నొకటి వేడెక్కిస్తా ఉండాయి.
అడుగు నించి కారే రసానికి
తార్రోడ్డు తియ్యగా వాసనేస్తా ఉంది.
చీమలకు మాత్రం వరస లేదు, నేరుగా వస్తా ఉండాయి.

"టీచరమ్మా, టోకెన్ అంటే తెలుగులో ఏందిమా?"
టైరుకు వీపానించి చెంగల్రాయులు అడిగినాడు.
ఇరవై రెండేళ్ళుగా ఎనిమిదో తరగతికి ఇంగ్లీషు చెప్తా ఉన్నదాన్ని,
నోరు తెరిచి, మూసుకున్నాను.

చీటీ అందామంటే
చీటీపాటలో మునిగిపోయిన మా పిన్నమ్మ గుర్తొచ్చింది.
బిళ్ళ అంటే మాత్రల బిళ్ళ అనుకుంటాడు.
ఆనవాలు, అన్నాను చివరికి.
"లంకలో సీతమ్మకు హనుమంతుడు చూపించిన ఉంగరం,
అదీ టోకెనే."
"మరి ఆయనకు నంబరు లేకపాయనే?
నేరుగా లోపలికే పోయినాడే!"
వెనక ట్రాలీ మీదనించి ధనకోటమ్మ అనింది,
"ఆయనకు తోక ఉన్నింది కదరా. మనకేముంది?"

నవ్వులు అణిగినాక
నిఘంటువులో చదివింది చెప్పినాను.
వెయ్యేళ్ళ పాత మాట. గుర్తు అని అర్థం.
పాఠం చెప్పడమనే ఇంగ్లీషు మాటకూ దీనికీ తల్లి ఒకటే.
వేలెత్తి 'అదిగో' అని చూపించడం ఆ తల్లి పని.
ఆమెకే మన వైపు దిశ పుట్టింది,
దేశం పుట్టింది, ఆదేశం, ఉపదేశం కూడా.
నా ఉద్యోగమూ ఈ అట్టముక్కా
ఒక చూపుడువేలి పిల్లలు.

"అట్లనా" అని
చెంగల్రాయులు గేటు వైపు వేలు చాపి చూసుకున్నాడు.
సొన కాలి, గోరు పక్కన తోలు లేచిపోయిన వేలు.

మా నాయనకు ఇంకో అర్థం తెలుసు.
బోరు అప్పు కోసం చిత్తూరు పోయినాడు ఒకసారి.
బ్యాంకులో ఇత్తడి బిళ్ళ ఇచ్చినారు, పందొమ్మిది.
పదహారు పిలిచినాక
కౌంటర్లో వాళ్ళంతా లేచి, నినాదాలిస్తా బయటికి పోయినారంట.
ఏమంటే, టోకెన్ సమ్మె.
"సమ్మెకు కూడా టోకెనిస్తారా సామీ? దాని నంబరెంత?"
అడిగి నవ్వులపాలైనాడు.
అక్కడ దాని అర్థం నామమాత్రం,
గుర్తు ఉండి సరుకు లేకపోవడం.
కోపానికి ఆ బిళ్ళ తిరిగియ్యలేదు.
మొలతాడుకు, బీరువా తాళంచెవి పక్కన,
నడిస్తే చిన్నగా మోగేది.
మేం దాంతోనే ఆయన ఎక్కడున్నాడో కనుక్కునేవాళ్ళం.
బోరు మాత్రం పడలేదు.

తెల్లవారుజామున మైకు పలికింది.
నీలం టోకెన్లు చెల్లవు. ఎర్రవి రాసిస్తారు.
కిలో నాలుగు రూపాయలు, నిన్నటి లెక్క నిన్నటితో సరి.
చెంగల్రాయులు చెప్పులు లేకుండా ఉరికినాడు.
ధనకోటమ్మ ఉరకలేదు.
ట్రాలీ డోరు దించి,
రోడ్డు పక్క గుంతలోకి కాయలు తోసింది, కాళ్ళతో.
ఎవరూ వద్దనలేదు.
నేనూ అనలేదు. నా చేతిలో ఉన్న మాటలన్నీ
అర్థాలు చెప్పడానికి పనికొచ్చేవే.

మాకు ఎర్రది దొరికింది, నాలుగు వందల రెండు.

ఇంటికొచ్చి నీలం అట్టముక్కను
నిఘంటువులో ఆ మాట ఉన్న పేజీలోనే పెట్టినాను.
దానికంటిన సొన సంగతి మరిచిపోయినాను.
జూలై ఆఖరులో మాధవి అనే పిల్ల
ఏదో అర్థం అడిగితే తెరవబోయినాను.
రెండు పేజీలూ అతుక్కుపోయినాయి.
ఇప్పుడా మాట చూడాలంటే
చింపాలి.