చీమ తూకం

చిత్తూరు బెల్లం మండీలో
ఆఖరి లారీకి పట్టా కట్టేశాక
కంప్యూటరు నాది.
పగలంతా తక్‌పట్టీలు కొట్టిన వేళ్లతోనే
రాత్రి వృత్తం గీస్తాను.

మొదట ఆరు భుజాలు. చుట్టుకొలతని వ్యాసంతో భాగిస్తే మూడు.
రెట్టించాను. పన్నెండు, ఇరవై నాలుగు, నలభై ఎనిమిది.
మూడు పాయింట్ ఒకటి సున్నా,
మూడు పాయింట్ ఒకటి మూడు...
సీజన్లో గేటు ముందు బండ్లలా
అంకె వెనక అంకె వచ్చి నిలబడింది.

రెట్టించే కొద్దీ నునుపు తేలుతుందనుకున్నాను.
పదిహేనోసారి దాటాక తోక వణికింది.
ఇరవై ఆరోసారికి మళ్లీ మూడు,
బయల్దేరిన మూడే.
ఇరవై ఏడోసారి సున్నా.
తప్పు అనలేదు, ఎర్రగీత గీయలేదు.
వృత్తం లేదని
గుండ్రంగా రాసి చూపించింది.

"ఏంది మే, ఇంకా ఇంటికి పోలా?"
కాటా చెంగల్రాయుడు. చేతిలో టీ, భుజాన గోనె.
చూపించాను. లెక్క తనకి తెలీదన్నాడు.
"యాడ పోతా ఉండాదో అది చెప్పు."
రెండులోంచి, రెండుకి వెంట్రుకంత తక్కువైనదాన్ని
తీసేసే చోట, అన్నాను.
భుజం సన్నబడే కొద్దీ ఆ రెండూ ఒకటైపోతున్నాయి.

కిటికీలోంచి వేబ్రిడ్జి వైపు చూశాడు.
"చీమ బరువు గావాలని
చీమతో లారీని తూచి,
చీమని దించి మళ్లీ తూస్తే ఏమొస్తాది?
కాటా కదల్దు. చీమే లేదంటాది.
బెల్లం మండీలో చీమ లేదంటే
ఎవురు నమ్ముతారు మే?
చీమని చీమగా తూచాల."

తీసివేతని తిప్పి,
హారంలో కూడికగా రాశాను.
ఎన్నిసార్లు రెట్టించినా ఇక వణకలేదు.
పదిహేను స్థానాలు, పుస్తకంలో ఉన్నవే.
ఆశ కొద్దీ నలభై అడిగాను. ఇచ్చింది.
ఏడు తొమ్మిది మూడు తర్వాత
ఒకటి ఒకటి ఐదు.
అక్కడ రావాల్సింది రెండు మూడు ఎనిమిది.
తెలిసినవీ తెలియనివీ
ఒకే గొంతుతో చెప్పింది.

"కొసరు అంకెలు పెట్టుకోవాలంట," అన్నాను,
"కావలసినదానికన్నా పది ఎక్కువ మోసి
చివర పారెయ్యాలి."
ఆయన టీ గ్లాసు అడుగున మిగిలింది గడపకవతల పోసి
"ఈడ కొసరు యాడుంది,
ఉండేదంతా తరుగే గదా," అన్నాడు.

పొద్దున యాదమరి నుంచి కుప్పమ్మ వచ్చింది.
కాటా మీద నలభై ఎనిమిది కిలోల మూడు వందల యాభై గ్రాములు.
పట్టీలో నలభై ఎనిమిది.
ఆ గడిలో చుక్కకి చోటు లేదు.
రెండేళ్ల కిందట
ఆ గడి గీసింది నేనే.

పెన్నుతో పక్కన రాసిచ్చాను,
మూడు వందల యాభై.
ఆమె చూసుకోలేదు.
కాగితం నాలుగు మడతలు పెట్టి
రొంటిన దోపుకుని,
బస్సుకి టైమైందని పోయింది.