నీటికాసులు

జూన్ నెలలో మా బంగారుపాళెం పల్ప్ ఫ్యాక్టరీకి
మిషను బిగించేదానికి టర్కీ నుంచి వచ్చినాడు నెజ్దెత్.
స్టోరు కిటికీలో తల పెట్టి
కోర్ టాపా, కోర్ టాపా అన్నాడు.
నాకేం తెలుస్తుంది?
ఎడమ చెయ్యి గొట్టంలా చుట్టి
కుడి అరచేత్తో దాని నోరు మూసి చూపించినాడు.
అట్టపెట్టె మీద ఇంగ్లీషులో ఉండాది: బ్లైండ్ ఫ్లాంజి.
చుట్టూ బోల్టులకే చిల్లులు, నడుమ లేదు.
మా ఫిట్టర్లు గుడ్డిబిళ్ళ అంటారు.

మూడు భాషలు ఒక్కటై
ఒక ఇనపముక్కకి కండ్లు లేవని తేల్చినాయి.
నవ్వినాను.
నా సంగతి అప్పటికి ఎవరికీ చెప్పలేదు.

తిరుపతి కంటాసుపత్రిలో డాక్టరమ్మ కాగితం మీద సున్నా గీసింది.
"నరం బయటికి పోయే చోట
అందరికీ ఒక బ్లైండ్ స్పాట్ ఉంటుంది మొగిలీశ్వరీ,
నీది ఊరు పెంచుకుంటా ఉంది."
తెలుగులో దీన్నేమంటారమ్మా అంటే
నీటికాసులు, అంది.
నీళ్ళకని ఏడు బోర్లేసి
కాసులన్నీ మట్టిలో పోసిన మా నాయన కడుపున పుట్టి
రెండూ నా కంటికే దొరికినాయి.

టీ తాగేటప్పుడు నెజ్దెత్ ఫోనులో కొడితే
అది తెలుగులో చదివేది, వార్తలు చదివినట్టు.
కూరగాయ తెగని కత్తి వాళ్ళకి గుడ్డి కత్తి.
మనం పీటముడి అంటామే, అది గుడ్డి ముడి.
ఊట ఇంకిపోయిన బావి గుడ్డి బావి.
ఆ మాట దగ్గర టీ చల్లారిపోయింది నాకు.
ఏడు సార్లు మా నాయన
బోరు గొట్టంలోకి టార్చి వేసి చూసినాడు.
గుడ్డిది ఏది, బావా, టార్చా?

నా వంతుకి గుడ్డి దీపం ఇచ్చినాను, గుడ్డి గవ్వ ఇచ్చినాను,
గుడ్డెద్దు చేలో పడిందని చెప్పినాను.
"పడి ఏం చేసింది?"
"మేసింది."
"మేత కనుక్కున్నది కదా, మరి గుడ్డిదెట్లా?"
జవాబు లేదు నా దగ్గర.

మొగిలి ఘాటులో బోర్డు: బ్లైండ్ టర్న్, హారన్ కొట్టుము.
మలుపుకేం, అది రెండు పక్కలా చూస్తానే ఉంటుంది.
కనబడనిది డ్రైవరుకి,
పేరు మలుపుకి.

బస్సులో కండ్లు మూసుకుని అక్షరాలు తడుముతా ఉంటాను.
కొమ్ము ఇస్తే గుడ్డు, కంటిలోది.
కొమ్ము తీసి గుడి పెడితే గుడ్డి.
ఇంత పెద్ద గుడి ఉన్న ఊరికి వారం వారం పోయి వస్తా
ఎదురుగా ఉన్నది ఇన్నాళ్ళూ చూడలేదు.

మూడో లైను కొసకి బిళ్ళ బిగించినాక అడిగినాను,
వెల్డింగు చేసి పారేయొచ్చు గదా, ఇన్ని బోల్టులెందుకని.
"పైయేడు లైను పొడిగించాలంటే
ఇక్కణ్ణుంచే గదా మొదలు" అని చదివింది ఫోను.

ఆయన పోయే రోజు
బల్లకి ఎడమ పక్కన బోల్టుల డబ్బా నాకు కనబడలేదు.
మోచెయ్యి తగిలి అన్నీ కింద.
మోకాళ్ళ మీద కూచుని ఇద్దరం ఏరుతా ఉంటే
ఆయన నోట్లోనే గొణిగినాడు: కోర్ ఓల్‌మాయాసిజా.
ఫోను దాన్ని అట్లాగే చదివింది,
"గుడ్డిదానివి కాకుందువు గాక."
తిట్టా, దీవెనా?
పిల్లోళ్ళు పాలు ఒలకబోస్తే వాళ్ళమ్మ తిట్టేదంట,
నోటికొచ్చిన శాపంలో నడుమ ఒక "మా" ఇరికించి.
ఆ ఒక్క అక్షరంతో శాపం ఎనక్కి తిరుగుతుందంట.
మా అమ్మకి ఆ వెసులుబాటు లేదు.
నీ కండ్లు పోనూ అనేది, అంతే,
ఆ రాత్రి నేను నిద్రపోయినాననుకుని దిష్టి తీసేది.

ఇప్పుడు తొమ్మిదింటికి అలారం మోగుతుంది.
కోర్ ఓల్‌మాయాసిజా, అని నన్ను నేను తిట్టుకుని
తల వెనక్కి వాల్చి
ఎడమ కంట్లో రెండు చుక్కలు వేసుకుంటాను.
ఒకటి ఎప్పుడూ చెంప మీదికి జారిపోతుంది.