నోషనల్

జీవోలో ఆ మాట పడ్డప్పుడు
సంగడిగుంట మున్సిపల్ బడిలో
తెలుగు చెప్పే నేనే
దానికి అర్థం వెతుక్కున్నాను.
పెరిగినట్టే, చేతికి రానట్టు.

సర్వీసు రిజిస్టర్లో గుమాస్తా
కొత్త బేసిక్ ఎర్రసిరాతో వేశాడు.
ఇరవై ఒక్క నెలల బకాయి
రిటైరయ్యాక చూద్దాం, అన్నాడు
కళ్ళజోడు తుడుచుకుంటూ.

లెక్కల శౌరయ్య మాస్టారు సెలవు.
ఆరో తరగతికి శాతాలు నేనే చెప్పాలి.
ఏం తోచక నా డీఏనే లెక్కగా ఇచ్చాను.
మిల్లు నుంచి మిరప ఘాటు.
తుమ్ముతూనే బాజీ ముందు చేసేశాడు,
పైసలతో సహా.

"ఎప్పుడిస్తారు టీచర్?"

బోర్డు తుడిచాను.

"తొడిమలు తీస్తే మా అమ్మకి
కాటా దగ్గరే ఇచ్చేస్తారు."

వాడి పుస్తకంలో ఎర్రసిరాతో
పదికి పది వేశాను.
ఇవి మాత్రం
ఈ రోజు నుంచే అమలు.